నేల మీద గీసిన మంజీర

నన్నడిగితే బడికి గోడలు అంత ముఖ్యమేమీ కాదు. ఈ మాట అంటే చాలు, మా ఇంట్లో వాళ్లు "మళ్లీ మొదలుపెట్టింది" అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చూసుకోనీ. గోడలు లేని బడిలో చదువుకున్నది నేను, వాళ్లు కాదు.

ఆ రోజుల్లో మెదక్‌లో మా ఆడపిల్లల బడి అంటే రెండు గదులు, ముందు చిన్న వసారా, వెనుక మాత్రం ఇంత పెద్ద ఖాళీ జాగా. ఆ జాగాలో ఒక మూలకు వేపచెట్టు, గోడ పొడవునా సీతాఫలం పొదలు. మనిషి నడుమెత్తు మట్టిగోడ మీదుగా దారినపోయేవాళ్లకు లోపల జరిగేదంతా కనిపించేది. అన్ని జమాతులకూ, అంటే తరగతులకూ, కలిపి ఒక్కతే పంతులమ్మ. పాఠాలన్నీ ఉర్దూలో. ఇంట్లో మాట్లాడేది తెలుగు. పుస్తకంలో ఉన్నది సగం మందికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా అందరం గడగడా అప్పజెప్పేవాళ్లం.

మాది టేక్మాల్ దిక్కు పల్లె. రజాకార్ల గొడవ ముదిరిన ఏడు నాయిన అమ్మనూ నన్నూ బండెక్కించి తెచ్చి మెదక్‌లో ఒక కిరాయి ఇంట్లో పెట్టాడు. మా చిన్నమ్మను ఆ ఊళ్లోనే ఇచ్చారు, పక్క గల్లీలోనే ఉండేది, ఆ ధైర్యంతో తెచ్చాడు. తను మాత్రం పొలం వదల్లేక ఊరికీ మెదక్‌కూ మధ్య తిరుగుతుండేవాడు. పగలు రజాకార్లు, చీకటి పడితే దళాలవాళ్లు, ఎవరు వచ్చి ఏమడుగుతారో తెలియని కాలం. ఆయన వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా అమ్మకు అన్నం సయించేది కాదు. నన్ను బడికి తోలింది కూడా చదువు మీద ప్రేమతో కాదు. ఇంట్లో ఉంటే నా నోరు ఊరుకోదని తోలారు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున వెళ్లేసరికి మా బడి గదుల్లో పోలీసు జవాన్లు దిగి ఉన్నారు. మేం కూర్చునే చాపలు వసారా బయట బురదలో పడి ఉన్నాయి. లోపల పెట్టెలు, కంబళ్లు, గోడకు చేరేసిన తుపాకులు. నల్లబల్ల ఎక్కడుందో కూడా కనిపించలేదు. ఇక బడి లేనట్టేనని కొందరు పిల్లలు సంబరపడ్డారు కూడా, అబద్ధం ఎందుకు.

పంతులమ్మ చాపలు దులిపి చంకన పెట్టుకుంది. ఆమె పొట్టి మనిషి, సన్నటి మనిషి. పట్నంలో చదువుకుని, భర్త పోయాక ఈ కొలువు మీద మెదక్‌కు వచ్చింది. గొంతు పెంచి మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. ఆ రోజూ పెంచలేదు.

"వెనకకు నడువుండ్రి. ఇయ్యాల్టి సంది మన బడి ఆడ్నే," అంది.

"బోర్డు లేదు గద పంతులమ్మా, ఏడ రాస్తరు?" అని అడిగాను. అడగాల్సింది నేనే, ఇంకెవరు అడుగుతారు.

ఆమె వేపచెట్టు కింద నేలను కాలితో చదును చేసి, "గింత పెద్ద బోర్డు ఏ బడిలనన్న ఉందా?" అంది. అని పుల్ల తీసుకుని రాయడం మొదలుపెట్టింది.

ఆమె చేసిన పని ఎంత గొప్పదో అప్పుడు మాకు తెలియదు. ఇప్పుడు తలచుకుంటే చేతులెత్తి మొక్కబుద్ధవుతుంది. ఇంటికి పోయి కూర్చుని, "బడి జాగా సర్కారే తీసుకుంది, నేనేం జేయను" అంటే ఆమెను అడిగేవాడు లేడు. ఆమె ఆ మాట అనలేదు. పుస్తకాలు గదుల్లో చిక్కుకుంటే ఆ జాగానే పుస్తకం చేసింది.

లెక్కలు తాడుతో నేర్పింది. తాడుకు గజానికొక ముడి వేయించి, గోడ పొడవు, వెడల్పు కొలిపించి, జాగా ఎంతో మా చేతే చెప్పించింది. ఎక్కాలు రాని పిల్లకు సీతాఫలం గింజలు వరసలుగా పేర్పించేది. చెట్టు ఎక్కకుండానే వేపచెట్టు ఎత్తు తేల్చింది. మా ఎత్తూ మా నీడా కొలిచి, చెట్టు నీడతో లెక్క కట్టమంది. నాకు వచ్చిన జవాబు తప్పని పక్క పిల్ల వాదిస్తే, నేను దాని జడ పట్టుకున్నాను. పంతులమ్మ ఇద్దరినీ మళ్లీ కొలవమంది. తప్పు దానిదే.

ఉర్దూ, తెలుగు రెండూ నేల మీదే. ఉర్దూ పదం ఒక కొసన మొదలై వచ్చేది, దాని కింద తెలుగులో అదే మాట రెండో కొసన మొదలయ్యేది. 'చీంటీ' అని రాస్తే ఎదురుగా చీమ పాకుతూ ఉండేది. ఇక అర్థం కాకపోవడం ఏముంది. వాన వచ్చే ముందు చీమలు గుడ్లు మోసుకుని ఎటు పోతాయో చూసి రమ్మని మమ్మల్ని గోడ వెంట పంపేది, వచ్చాక చూసింది చూసినట్టు చెప్పమనేది. ఊహించి చెబితే ఒప్పుకునేది కాదు. "నువ్వు జూసినవా, అనుకున్నవా?" అని అడిగేది. ఆ ప్రశ్నకు నేను ఇప్పటికీ భయపడతాను.

జాగా నడుమ ఒక కట్టె పాతించింది. దాని నీడ ఎక్కడ పడితే అక్కడ పూటపూటకూ రాయి పెట్టాలి. నడిమింట నీడ పొట్టిగా అయినప్పుడు అది ఎటు పడిందో చూసి దిక్కులు పట్టడం నేర్పింది. మేం మొదలుపెట్టిన రోజుల్లో ఆ పొట్టి నీడ దక్షిణానికి పడుతుండేది. "ఆషాఢం పొయ్యేటప్పుడు ఒక దినం నీడ మొత్తానికే మాయమైతది. ఆనంక ఉత్తరం దిక్కు తిరుగుతది," అని చెప్పింది. కట్టె ఉండి నీడ లేకపోవడమేమిటి, పంతులమ్మ మనల్ని ఆటపట్టిస్తుందని నేను అందరితో అన్నాను. ఆషాఢం చివర మబ్బు విడిచిన ఒక మధ్యాహ్నం, కట్టె మొదట్లో వేలెడంత నీడ కూడా లేదు. చుట్టూ తిరిగి చూశాను. నిజంగానే లేదు. ఆ తరువాత రోజురోజుకూ నీడ ఉత్తరానికి జరగసాగింది. ఆ రోజునుంచి ఆ మనిషి ఏది చెప్పినా నమ్మాను.

ఇక ఆమె చేయించిన పనులన్నిటిలో పెద్దది పటం. మా తాలూకా పటం, చుట్టుపక్కల ఊళ్లతో సహా, నేల మీద. అంతకు ముందు గోడకు వేలాడే పటంలో మంజీర కింది నుంచి పైకి పారుతున్నట్టు ఉండేది. నీళ్లు పైకెట్లా ఎక్కుతాయని నేను అడిగితే జవాబు చెప్పకుండా నవ్వి ఊరుకుంది. ఇప్పుడు చెప్పింది. జాగాలో వాననీళ్లు ఎటు జారుతున్నాయో చూసి, ఉత్తరానికి వాలి ఉన్న చోటు ఏరి అక్కడే పటం వేయించింది. నడుమ ఒక నల్లరాయి, అది మెదక్. పడమర మంజీరకు కాలువ తవ్వాం. బావి నుంచి బిందెతో నీళ్లు తెచ్చి దక్షిణం కొసన పోస్తే, అవి తమంతట తామే ఉత్తరానికి పారాయి. ఎవరూ తోయలేదు. మంజీర అచ్చం అట్లాగే పారుతుందని పంతులమ్మ చెప్పింది. మేం నోళ్లు తెరుచుకుని చూశాం.

అవతలి ఒడ్డున టేక్మాల్‌కు ఒక రాయి. ఆగ్నేయంగా పట్నం రోడ్డు మీద తూప్రాన్‌కు ఒకటి, ఈశాన్యంగా నిజాంపేటకు ఒకటి. ఎవరి ఊరు వాళ్లు పెట్టుకోవచ్చు. మా పల్లె ఏ పటంలోనూ ఉండదు, అయినా టేక్మాల్ పక్కన చిన్న గులకరాయి పెట్టాను. మెదక్ రాయి మీద నిలబడి నా గులకరాయి వైపు చూస్తే, నాయిన వెళ్లే దిక్కు అదేనని తెలిసేది. అట్లా చూసినప్పుడల్లా ఆయన ఆ దారిలో ఎక్కడో క్షేమంగా నడుస్తున్నాడని అనిపించి, మనసు కొంచెం నిమ్మళించేది.

వాన పడ్డప్పుడల్లా పటం కొట్టుకుపోయేది. మళ్లీ వేసేవాళ్లం. కళ్లు మూసుకుని వేయమన్నా వేసే స్థితికి వచ్చాం. ఇంటికి పోతే అమ్మ నా గోళ్లు చూసి మొత్తుకునేది.

"సదువుకు తోలితే గిదేందే, కూలికి పోయొచ్చినట్టున్నయి చేతులు. మట్టి పిసుకుడు మనింట్ల లేదా?" అనేది.

"గిది భూగోళమమ్మా," అనేదాన్ని.

"భూగోళమో ఏం గోళమో, కడుక్కొని రా," అనేది.

వానలు వెనుకబడే రోజుల్లో పోలీసు చర్య వచ్చింది. కొన్నాళ్లు ఎవరూ ఇల్లు కదల్లేదు. నాయిన ఊళ్లో చిక్కుకుపోయాడు. తిరిగి వచ్చిన రోజు అమ్మ ఏడవనూ లేదు, నవ్వనూ లేదు, పోయి పొయ్యి వెలిగించింది. బడికి పోయి చూస్తే జవాన్లు లేరు. పోతూ పోతూ బండ్లను వెనుక జాగాలోకి తిప్పినట్టున్నారు, మా మంజీర మీదుగా చక్రాల జాడలు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పంతులమ్మ మాత్రం, "గదులు మనకొచ్చినయి, సంబరపడు," అంది. అని తనే పార తీసుకుంది. ఆ మధ్యాహ్నానికల్లా మళ్లీ నీళ్లు పారాయి. రాత పనికి గదిలో కూర్చునేవాళ్లం, మిగతా చదువంతా బయటే సాగింది. ఎవరికీ లోపలికి పోవాలనిపించేది కాదు.

గొడవలు సద్దుమణిగాయి కదా, ఊరికి మళ్లుదామని నాయిన అన్నాడు. అమ్మకూ అదే కావాలి. మా పల్లెలో ఆడపిల్లలకు బడి లేదు. పోతే నా చదువు అంతటితో సరి. నేను అన్నం ముట్టలేదు. మొదటి రోజు ఎవరూ పట్టించుకోలేదు. రెండో రోజు చిన్నమ్మ వచ్చి, పిల్లను తన దగ్గర ఉంచుకుంటానంది. నాయిన నేను ముట్టని కంచం వైపు చూశాడు.

"కొత్త ఇనస్పెక్టర్ సాబ్ వస్తుండట గద. ఆయన ముంగట పాసయితే చిన్నమ్మ తాన ఉండి సదువుకో. లేకుంటే సప్పుడుజెయ్యక మాతోని బండెక్కాలె," అన్నాడు.

నాయిన ఒక మాట అంటే అంతే. ఇక బతిమాలేది లేదు.

ఇన్‌స్పెక్టర్ చలికాలంలో వచ్చాడు. కొత్త సర్కారు వచ్చాక కోస్తా దిక్కు నుంచి వచ్చిన మనిషి. ఇస్త్రీ బట్టలు, కళ్లజోడు. పరీక్ష గదిలోనే జరగాలన్నాడు. వెనుక జాగా వైపు చూడనైనా లేదు. పిల్లల తండ్రులు గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్నారు. మా నాయిన అందరికంటే చివర, భుజం మీది రుమాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

లెక్కలు చేశాను. పద్యం చెప్పాను. అప్పుడు ఆయన సుద్దముక్క చేతికిచ్చి, "మీ మెదక్, చుట్టుపక్కల ఊళ్లు, ఏరు, బోర్డు మీద గీయమ్మా," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇంతకంటే సులువైనది ఏముంది.

బోర్డు దక్షిణం గోడకు వేలాడుతోంది. నేను దాని ముందు నిలబడి ఒక్క నిమిషంలో గీసేశాను. నడుమ మెదక్. కుడిచేతి పక్కన మంజీర, అది పైనుంచి కిందికి పారుతుంది. దాని అవతల టేక్మాల్, పక్కనే మా పల్లెకు చిన్న సున్న. ఎడమచేతి పక్కన పైన తూప్రాన్, కింద నిజాంపేట. సుద్ద పెట్టేసి చేతులు దులుపుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఇదేమిటి? అంతా తలకిందులుగా వేశావు. టేక్మాల్ కుడి పక్కన ఉంటుందా?" అన్నాడు.

"ఔ సార్. టేక్మాల్ గిటే ఉంది," అన్నాను, కుడిచెయ్యి చాపి పడమటి గోడ వైపు చూపిస్తూ.

"నేను అడుగుతున్నది బోర్డు మీద."

"బోర్డు మీదయినా టేక్మాల్ గిటే ఉంటది గద సార్," అన్నాను. పొగరుగా అనలేదు. నాకు నిజంగానే ఆయన ఏమడుగుతున్నాడో అర్థం కాలేదు.

"నది కిందికి పారుతోంది. తూప్రాన్ పైకెక్కింది. ఒక్కటీ ఉండాల్సిన చోట లేదు. వెళ్లి కూర్చో," అని ఆయన ముఖం తిప్పుకున్నాడు.

గుమ్మం వైపు చూశాను. నాయిన రుమాలు భుజాన వేసుకుని లేవబోతున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అదే నాకు భరించరానిదైంది. బండి, ఊరు, గడ్డివాము, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి.

అప్పుడు పంతులమ్మ లేచింది. "సార్, జర ఆ బోర్డును కిందికి దించనిస్తరా? ఉన్నదున్నట్టు, తిప్పకుంట, నేల మీద పండబెడితే సాలు," అంది.

"ఎందుకమ్మా?"

"పిల్ల ఎన్నడు పటాన్ని నిలబెట్టి గియ్యలేదు సార్. ఆ తప్పు నాది. పండబెట్టి జూడుండ్రి."

ఏమనుకున్నాడో, సరేనన్నాడు. ఇద్దరు పెద్దపిల్లలు బోర్డు దించి, గోడ ముందు అలాగే వెల్లకిలా పెట్టారు. ఇన్‌స్పెక్టర్ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తిరిగి, "ఉత్తరం ఎటు?" అని అందరినీ అడిగాడు. చిన్నపిల్లల దగ్గరనుంచి పెద్దపిల్లల దాకా, గదిలో ఉన్నవాళ్లంతా ఒకేవైపు చెయ్యెత్తారు. ఎవరూ పక్కవాళ్లను చూసి ఎత్తలేదు.

ఆయన బయటికి నడిచాడు. వెనుక జాగాలో కట్టె దగ్గరకు పోయి నిలబడ్డాడు. నడిమింట నీడ మా చేతులు చూపిన దిక్కుకే పడి ఉంది. పక్కనే మా పటం, ఎండిన మంజీర కాలువ. ఆయన చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, వంగి ఆ రాళ్లన్నీ చూశాడు. మా పెద్దపిల్ల ఒకతె బిందెడు నీళ్లు తెచ్చి పోసింది. నీళ్లు ఉత్తరానికి పారాయి. అవి కొస చేరేదాకా ఆయన తల ఎత్తలేదు.

లోపలికి వచ్చాక నా వైపు చూసి, "నీ పటం తప్పు కాదమ్మా. నువ్వు దక్షిణం వైపు తిరిగి నిలబడ్డావు, దక్షిణం పైన పెట్టావు, అంతే. పాసయ్యావు," అన్నాడు. తరువాత పంతులమ్మతో, "గోడ మీది పటంలో ఉత్తరం పైన ఉంటుందని కూడా చెప్పండి. వీళ్లు ముందు ముందు పెద్ద పరీక్షలు రాయాలి," అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ మాట సబబే, ఒప్పుకుంటాను. కానీ "వెళ్లి కూర్చో" అన్నాడు చూడండి, దానికి మాత్రం నేను ఆయన్ను ఇప్పటిదాకా క్షమించలేదు.

అందరూ లేచి పోతున్నారు. నాయిన పోలేదు. బోర్డు ఇంకా నేల మీదే ఉంది. ఆయన దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. అక్షరమ్ముక్క రాని మనిషి, పటం అన్నది ముట్టుకుని ఎరగడు.

"గిదేంది బిడ్డా?" అన్నాడు.

"మెదక్ నాయినా."

"గీ గీత?"

"మంజీర."

"మరి మనూరు?"

చిన్న సున్న చూపించాను. దాని మీదికి వంగి చూశాడు. "మనూరు గూడ వెట్టినవా," అన్నాడు. తరువాత ఆ సున్న మీద వేలు పెట్టి మెల్లగా మెదక్ వైపు జరపసాగాడు. ఏటి దగ్గర ఆగాడు.

"గీడ వానకాలం దాటరాదు. నీళ్లు శానుంటయి," అని తనలో తను అనుకున్నట్టు అని, గీత వెంబడి వేలు కిందికి తీసుకుపోయి, చుట్టు తిరిగి అవతలి ఒడ్డుకు చేర్చాడు. అక్కడినుంచి నల్లబల్ల నడుమకు వచ్చి, మెదక్ మీద వేలు ఆపాడు. అది ఇక వెనక్కి పోలేదు. ఏం చేస్తున్నాడో నాకు మొదట తెలియలేదు. పంతులమ్మకు తెలిసినట్టుంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అంగడి నాడు పొద్దుగాల ఎల్లితే నడిమింటికల్ల నీ తాన ఉంట. వానకాలమైతే జర ఆల్శమైతది. ఎదురుజూస్కుంట కూసోకు, చిన్నమ్మకు పని జేసిపెట్టు," అన్నాడు.

వేలికి అంటిన సుద్దను రుమాలుకు తుడుచుకుని, బండి మాట్లాడటానికి బయటికి వెళ్లాడు. ఆ బండిలో నా సామాను ఎక్కించలేదు.